టాలిన్‌లో ఒక శనివారం

శనివారం. మధ్యాహ్నం ఒంటిగంటా యాభై రెండు నిమిషాలు.

హెల్సింకి ఎమర్జెన్సీ సెంటర్‌లో ఫోన్ మోగింది.

"పోర్కల తీరం నుంచి హోల్మ్‌ని మాట్లాడుతున్నా. మా పక్కన ఓస్మో కాటేజీ అంటుకుంది. త్వరగా రండి. లోపల మనిషున్నాడు!"

ఫైర్ ఇంజన్ చేరేసరికి రెండుగంటల పదమూడు నిమిషాలయింది. అప్పటికే పైకప్పు కూలిపోయింది. అరవై ఏళ్ళనాటి దుంగల ఇల్లు. వానల్లేక ఎండిపోయి ఉంది. పైగా సముద్రపు గాలి. ఇక చెప్పాలా?

మంట ఆరాక మిగిలింది పొగగొట్టం, సౌనా ఆవిరిగది పొయ్యిలోని రాళ్ళు, ఒక ఇనప మంచం. మంచం మీద శవం. ఓస్మో. వయసు అరవై ఒకటి.

వెనకగోడ దగ్గర పెట్రోల్ వాసన. పొదల్లో ఖాళీ డబ్బా. దాని మీద ఎర్రరంగుతో రాసిన అక్షరం, హోల్మ్ పేరులో మొదటిది.

ఫోన్ చేసింది హోల్మే. డెబ్బై రెండేళ్ళ జాలరి. పడవలు కట్టుకునే రేవు నాదంటే నాదని ఇరవై ఏళ్ళుగా ఓస్మోతో తగువు పడుతున్నాడు. "నీ కొంప ఒకరోజు నేనే తగలబెడతాను" అని ఆగస్టులో ఊరి దుకాణంలో పదిమంది ముందు అరిచాడు కూడా.

సాయంత్రానికి అతన్ని అదుపులోకి తీసుకున్నారు.

కేసు తేలిపోయిందనే అనుకున్నారు అందరూ.

*

సోమవారం ఉదయం ఎనిమిదిన్నర. డిటెక్టివ్ సార్జెంట్ హెల్వి స్టేషన్‌కి వచ్చింది. కోటు విప్పకముందే ఇన్‌స్పెక్టర్ రౌతియో గదిలోకి పిలిచాడు. హెల్వికి యాభై నాలుగు. అతను ఆమెకంటే పదేళ్ళు చిన్న. ఆమె దగ్గరే పని నేర్చుకుని పైకొచ్చినవాడు.

"ఈ కేసు నీకివ్వను హెల్వీ. నువ్వు సాక్షివి."

"తెలుసు. అడుగు."

"చనిపోయిన ఓస్మోకి చెల్లెలు తైమి. నీ స్నేహితురాలు."

"ఒకటో తరగతి నుంచి."

"వాళ్ళన్నాచెల్లెళ్ళకి పడదట."

"కాటేజీ గురించి. తండ్రి మంచాన పడితే తొమ్మిదేళ్ళు సేవ చేసింది తైమి. కాటేజీ రాసింది మాత్రం ఓస్మో పేర. ఈ వేసవిలో దాన్ని అమ్మేశాడు. కొన్నవాళ్ళు పడగొట్టి గాజుమేడ కడతారట. తైమి చాలా బాధపడింది."

"శనివారం తైమి ఎక్కడుంది?"

"నాతో టాలిన్‌లో. శుక్రవారం సాయంత్రం నాలుగున్నర ఓడ ఎక్కాం. ఆదివారం పొద్దున తిరిగొచ్చాం."

"శనివారం పగలు?"

"నేను చిత్తడి నేలలు చూడ్డానికి టూర్ బస్సులో వెళ్ళాను. తనకి మోకాలు నొప్పి. హోటల్లో ఉండిపోయింది."

"ఎప్పుడు వదిలావు, ఎప్పుడు కలిశావు?"

"తొమ్మిదింబావుకి బయల్దేరాను. ఆరుగంటల ఐదు నిమిషాలకి తిరిగొచ్చాను. లాబీలోనే ఉంది."

రౌతియో కంప్యూటర్ మీద కొట్టాడు. *శుక్రవారం నుంచి ఆదివారం వరకు టాలిన్‌లో.*

"చాలు. ఇంకెవరైనా ఈ మాట చెబితే ఓడవాళ్ళని అడిగేవాణ్ణి. నీ మాటకి వేరే సాక్ష్యం ఎందుకు?"

హెల్వి సంతకం పెట్టింది.

బయటికొస్తుంటే వరండాలో హోల్మ్ ఎదురయ్యాడు. ఇద్దరు కానిస్టేబుళ్ళ మధ్య, బూట్ల తాళ్ళు లేకుండా కాళ్ళీడ్చుకుంటూ నడుస్తున్నాడు.

"అమ్మా," అన్నాడు, "ఆ రోజు పదకొండుకి నేనే వాణ్ణి పడవలో దింపాను. ఊళ్ళో బస్సు దిగాడు, కారు రిపేరు షెడ్డులో ఉందంటే పోనీలే అని. తగలబెట్టేవాణ్ణి అయితే దింపుతానా?"

హెల్వి ఆగకుండా నడిచింది. ఆమె కేసు కాదది.

*

ఆ ప్రయాణం గురించి అనుకున్నది ఆగస్టు చివరి ఆదివారం, హెల్వి వంటింట్లో.

తైమి గీతల నోటు పుస్తకం తెచ్చుకుంది. రెండు రంగుల పెన్నులు తెచ్చుకుంది. దాల్చినచెక్క బన్నులు కూడా తనే చేసి తెచ్చింది.

"ఏమే, నువ్వు ఊరు దాటి ఎన్నేళ్ళయింది?"

"ఆరు. అమ్మ పోయాక ఎక్కడికీ వెళ్ళలేదు."

"సిగ్గులేదూ? రెండు గంటలు ఓడలో కూర్చుంటే ఎస్తోనియా, టాలిన్. మన చుట్టుపక్కల ముసలమ్మలంతా నెలకోసారి వెళ్ళొస్తున్నారు. నువ్వు మాత్రం దొంగల్నీ తాగుబోతుల్నీ కాపలా కాస్తూ కూర్చో."

"వాళ్ళకి ఇంకెవరున్నారే?"

తైమి పడీపడీ నవ్వింది. హెల్వికి కాఫీ పొలమారింది.

తర్వాత పని మొదలైంది. శుక్రవారం ఆరున్నరకి దిగడం. ఏడున్నరకి పాత ఊళ్ళో భోజనం. ఆదివారం పొద్దున కోటగోడ పక్కన స్వెటర్లమ్మే ఆడవాళ్ళ దగ్గర బేరం. మధ్యాహ్నం నల్లరొట్టె, పొగబెట్టిన చిన్నచేపలు. మార్జిపాన్ మిఠాయి కొనడం మరిచిపోకూడదు.

"శనివారం?" అంది హెల్వి.

"శనివారం నీ రోజు," అంది తైమి. ఎర్ర పెన్ను తీసింది. "నీకు చిత్తడి నేలలు, పక్షులు, నాచు, ఆ గోలంతా ఇష్టం కదా. రోజంతా తిప్పే బస్సొకటి ఉంది. పొద్దున తొమ్మిదిన్నర నుంచి సాయంత్రం ఆరు దాకా. క్రాన్‌బెర్రీలు కోసుకు తినొచ్చట. నేను బుక్ చేస్తాను. నువ్వేం ముట్టుకోకు."

"నీకు బురదంటే అసహ్యం కదే?"

"నీకోసం ఒకరోజు భరిస్తాలే తల్లీ."

ఆ మాటకి హెల్వి మనసు నిండిపోయింది. విడాకులప్పుడు, తల్లి పోయినప్పుడు పక్కనున్నది ఈ మనిషే. ఇన్నేళ్ళలో 'నీ రోజు' అని ఒక రోజుని రాసిచ్చినవాళ్ళు ఇంకెవరూ లేరు.

నోటు పుస్తకంలోని ఆ కాగితాన్ని చించుకుని ఫ్రిజ్ మీద అంటించుకుంది. మూడు వారాలూ పొద్దున్నే పాలు తీసేటప్పుడు చదువుకుంది.

*

శనివారం జరిగిందిది.

పొద్దున తైమి మంచం దిగలేదు. మోకాలు పట్టుకుని మూలిగింది.

"నావల్ల కాదే. మెట్లు కూడా దిగలేను. నువ్వెళ్ళు."

"నేనూ ఉండిపోతాను."

"ఛీ నోర్ముయ్. టికెట్ పాడు చేస్తావా? వెళ్ళి నీ కప్పల్ని చూసుకో. నేను పడుకుని పుస్తకం చదువుకుంటాను."

హెల్వి వెళ్ళింది. తొమ్మిదిన్నరకి గైడ్ మారిక కాగితం చూసి "హెల్విగారు? ఒక్కరే కదా?" అంది. "అవునండీ, మా స్నేహితురాలు రాలేకపోయింది" అంది హెల్వి. మారిక ఒక క్షణం కాగితం వైపు చూసి, ఏమీ అనకుండా పక్కవాళ్ళ దగ్గరికి వెళ్ళింది. చిన్న బస్సు. నిండిపోయింది. హెల్వి పక్కన లావుపాటి జర్మన్ ఆయనొకడు కూర్చుని దారంతా ఉడికిన గుడ్లు తిన్నాడు.

ఆ రోజు బాగుంది. నిజంగానే బాగుంది. ఎర్రబారిన నాచు మీద సన్నని చెక్కబాట. నల్లటి నీటిలో ఆకాశం. నోట్లో పుల్లటి క్రాన్‌బెర్రీలు.

ఆరుగంటల ఐదు నిమిషాలకి లాబీలో అడుగుపెట్టింది. తైమి సోఫాలో కూర్చుని ఉంది. బుగ్గలు ఎర్రగా ఉన్నాయి. మెడలో స్కార్ఫ్.

"బయటికెళ్ళావా?"

"కిటికీ తీసి కూర్చున్నా. గాలి బాగుంది."

తైమి అప్పుడే ఫోన్ ఆన్ చేసింది. టింగుమంది. 'ఎస్తోనియాకు స్వాగతం' అని మెసేజ్. హెల్వి ఒంగి చూసి నవ్వింది.

"నిన్న చెప్పారు, మళ్ళీ ఇవాళ కూడానా? వీళ్ళకి నువ్వంటే ఎంత ప్రేమే!"

తైమి కూడా నవ్వింది. ఫోన్ బోర్లించింది.

ఏడుగంటల ఇరవై నిమిషాలకి, సూప్ తాగుతుండగా, ఓస్మో భార్య కారినా ఫోన్ చేసింది.

తైమి చేతిలో చెంచా కింద పడింది. "లేదు," అంది. "వాడక్కడ ఉండడానికి లేదు. తాంపేరేలో కూతురింట్లో ఉండాలి వాడు. లేదు, లేదు." కుర్చీలోంచి జారి నేలమీద కూర్చుండిపోయింది. ఆ ఏడుపుకి వంటవాళ్ళు కూడా బయటికొచ్చారు.

ఇరవై ఎనిమిదేళ్ళ ఉద్యోగంలో హెల్వి చాలా ఏడుపులు చూసింది. దొంగ ఏడుపు ఏదో చిటికెలో చెప్పగలదు. ఇది దొంగది కాదు. ప్రమాణం చేసి చెప్పగలదు.

సోమవారం చేసింది ఆ పనే.

*

బుధవారం సాయంత్రం ఐదు. హెల్వి ఇంట్లో ఒక్కతే ఉంది. ఫోన్‌లో నిండిపోయిన మెసేజ్‌లు తుడిచేస్తోంది.

'ఎస్తోనియాకు స్వాగతం.' శుక్రవారం, ఆరుగంటల ఇరవై ఆరు నిమిషాలు.

ఒక్కటే. రెండోది లేదు.

వేలు ఆగిపోయింది.

ఇద్దరిదీ ఒకే కంపెనీ ఫోన్ కనెక్షన్. ఇద్దరూ ఒకే ఓడ దిగారు. శుక్రవారం ఇద్దరి ఫోన్లూ ఒకేసారి మోగాయి. మరి శనివారం సాయంత్రం తైమి ఫోన్‌ని ఎస్తోనియా మళ్ళీ ఎందుకు పలకరించింది?

దేశం దాటి వచ్చినవాళ్ళనే కదా పలకరిస్తుంది.

'ఫోన్లన్నాక తప్పులు చేస్తాయి,' అనుకుంది. లేచి కాఫీ పెట్టింది. తాగలేదు. 'వాడక్కడ ఉండడానికి లేదు.' ఆ మాట చెవిలో తిరుగుతోంది. అన్న చనిపోయాడంటే మనిషి ఏమంటుంది? అయ్యో అంటుంది. ఎలా అంటుంది. అక్కడ ఉండకూడదు అంటుందా?

ఐదూ ఇరవైకి టాలిన్‌కి ఫోన్ చేసింది.

"మారికగారా? నేను శనివారం మీ బస్సులో వచ్చాను. హెల్విని."

"గుర్తున్నారు. పక్షుల పేర్లన్నీ మీరే చెప్పారు. నాకు పని తగ్గించారు."

"ఒక్క సంగతి. మా స్నేహితురాలి టికెట్ ఎన్నింటికి రద్దు చేశారు? శనివారం పొద్దున ఫోన్ చేసిందా?"

"ఏ స్నేహితురాలు?"

"తైమి. నాతో బుక్ చేసింది కదా."

అటువైపు కీబోర్డు చప్పుడు.

"తైమి అనే ఆవిడే బుక్ చేశారు. కానీ మీ ఒక్కరి పేరుకే. సీట్లు ఒకటి."

"మొదట రెండు చేసి తగ్గించారా?"

"లేదండీ. మొదటి నుంచీ ఒకటే. సెప్టెంబర్ రెండు, సాయంత్రం ఏడుగంటల పద్నాలుగు. బస్సుకి పదహారు సీట్లు. ఐదో తేదీకే నిండిపోయాయి. ఇంకొకరు వస్తానన్నా చోటు లేదు. మీరు 'రాలేకపోయింది' అంటే నాకూ అర్థం కాలేదు. పొద్దున్నే ఎందుకులే అని ఊరుకున్నాను."

హెల్వి థాంక్స్ చెప్పిందో లేదో గుర్తులేదు.

ఫ్రిజ్ తలుపు వైపు చూసింది. ఎర్రసిరాతో గుండ్రటి అక్షరాలు. శనివారం. తొమ్మిదిన్నర నుంచి ఆరు. పక్కన చిన్న కప్పబొమ్మ కూడా వేసింది తైమి.

ఎనిమిదిన్నర గంటలు. ఓడలో రెండు గంటలు. కారులో నలభై నిమిషాలు. అదే దారిన వెనక్కి. సరిపోతుంది. లాబీలో పదిహేను నిమిషాలు కూర్చుని ఊపిరి తీసుకోవడానికి కూడా.

హెల్వి చల్లారిన కాఫీని సింకులో పారబోసింది. తర్వాత రౌతియోకి ఫోన్ చేసింది.

"నా స్టేట్‌మెంట్ తప్పు. చూడనిది చూసినట్టు చెప్పాను. ఓడ ప్రయాణికుల జాబితా తెప్పించు. శనివారం రెండు వైపులదీ. హెల్సింకి రేవు పార్కింగ్ గేటు రికార్డు కూడా. మేము రేవు దాకా వెళ్ళింది తైమి కారులో, దాన్ని అక్కడే వదిలాం."

"ఏ పేరు వెతకమంటావు?"

"దాని పేరే వెతుకు."

రెండు గంటల్లో జవాబొచ్చింది. టాలిన్ నుంచి పదిన్నర ఓడలో ఉంది. హెల్సింకి నుంచి మూడున్నర ఓడలో ఉంది. కారు గేటు దాటింది పన్నెండూ నలభై ఎనిమిదికి. లోపలికి తిరిగొచ్చింది రెండూ నలభై ఒకటికి.

దొంగపేరు కూడా పెట్టుకోలేదు. ఆ జాబితా ఎవరూ తెరవరని అంత ధీమా. హెల్వి మాట ఉండగా ఎందుకు తెరుస్తారు?

*

గురువారం మధ్యాహ్నం మూడు. పోర్కల.

నల్లబడిన పొగగొట్టం ముందు అందరూ నిలబడ్డారు. ఘటనాస్థలంలో చివరి విచారణ అని రౌతియో పిలిపించాడు. ఓస్మో భార్య కారినా నల్లకోటులో వచ్చింది. తైమి ఆమె చెయ్యి పట్టుకుని ఉంది. హోల్మ్ పక్కన కానిస్టేబుల్.

"ఈ మనిషిని నా కళ్ళముందు ఎందుకు నిలబెట్టారు?" అంది కారినా.

"నేనూ అదే అడుగుతున్నా," అన్నాడు హోల్మ్.

రౌతియో హెల్వి వైపు చూశాడు. "పది నిమిషాలు. ఆ తర్వాత నేను."

హెల్వి ముందుకొచ్చింది.

"హోల్మ్‌గారూ, శనివారం ఓస్మోని ఎన్నింటికి దింపారు?"

"పదకొండుకి."

"అతను లోపలున్నట్టు ఇంకెవరికి తెలుసు?"

"నాకు. నా పడవకి."

"పెట్రోల్ డబ్బా?"

"నాదే. జూన్‌లో వాడు అడిగి తీసుకున్నాడు. పడవల కొట్టంలో ఉండాలి. తిరిగివ్వలేదని దానికీ ఓసారి పోట్లాడాను."

"కారినా, ఓస్మో ఎక్కడున్నాడనుకున్నావు?"

"హెల్సింకిలో ఇంట్లో. ఇద్దరం తాంపేరే వెళ్ళాలి. కారు పాడైంది, బాగయ్యాక వస్తానని నన్ను రైలెక్కించాడు. సామాన్లు సర్దడానికి ఇక్కడికొస్తాడని నాకూ చెప్పలేదు."

"తాంపేరే వెళుతున్నట్టు ఎవరికి చెప్పావు?"

"అందరికీ. తైమికి కూడా."

"బయట కారు లేదు. తలుపు వేసి ఉంది. అతను లోపలి గదిలో నిద్రపోతున్నాడు," అంది హెల్వి. "నిప్పు పెట్టినవాళ్ళు మనిషిని చంపడానికి రాలేదు. ఇంటిని చంపడానికి వచ్చారు. లోపల మనిషున్నట్టు హోల్మ్‌గారికి తెలుసు. తెలియనివాళ్ళెవరు?"

హెల్వి స్నేహితురాలి వైపు తిరిగింది.

"తైమీ. శనివారం పగలు ఎక్కడున్నావు?"

"ఇదేం ప్రశ్నే? టాలిన్‌లో. నీకు తెలుసుగా."

"తెలుసనే రాయించాను."

రౌతియో కాగితం తీసి చదివాడు. పదిన్నర ఓడ. పన్నెండూ నలభై ఎనిమిది. రెండూ నలభై ఒకటి. మూడున్నర ఓడ.

కారినా మెల్లగా చెయ్యి లాక్కుంది.

తైమి పెదవులు తడి చేసుకుంది. కళ్ళనిండా నీళ్ళు.

"సరే. వచ్చాను. నువ్వెళ్ళాక గదిలో ఒంటరిగా పడుకుంటే ఏడుపొచ్చింది హెల్వీ. అక్టోబర్ ఒకటిన ఈ ఇంటిని వేరేవాళ్ళకి అప్పగిస్తారు. చివరిసారి చూసొద్దామనిపించింది. అంతే. అప్పటికప్పుడు లేచి బయల్దేరాను. ఇక్కడికొచ్చి చూస్తే పిచ్చెత్తిపోయింది. ముందు అనుకుని చేసింది కాదు. ఒట్టు."

కానిస్టేబుల్ తల దించుకున్నాడు. కారినా మొహంలో కూడా ఒక క్షణం జాలి కనిపించింది.

"మోకాలు?" అంది హెల్వి.

"నిజంగానే నొప్పి. ఆ బాధలోనే వచ్చాను."

"పొద్దున లేచాకే నొప్పి మొదలైందా?"

"అవును."

"లేకపోతే నాతో బస్సెక్కేదానివి."

"ఎక్కేదాన్ని. నీకు మాటిచ్చాను కదా."

"ఎక్కడ కూర్చునేదానివే?"

తైమికి అర్థం కాలేదు.

"పదహారు సీట్లు. పదహారు మందిమి ఉన్నాం. నా పక్కన ఒకాయన రోజంతా గుడ్లు తింటూ కూర్చున్నాడు. ఖాళీ సీటు లేదు. నేను పోలీసుని. అయినా అది గమనించలేదు. ఎందుకు గమనిస్తాను? నా స్నేహితురాలు నాకిచ్చిన సెలవురోజు అది." హెల్వి గొంతు ఎక్కడా పెరగలేదు. "నువ్వు బుక్ చేసింది ఒక్క సీటు. సెప్టెంబర్ రెండు, సాయంత్రం ఏడూ పద్నాలుగు. మోకాలు నొప్పి పుట్టింది శనివారం పొద్దున. దాన్ని పద్దెనిమిది రోజుల ముందే లెక్కలోకి తీసుకున్నావు."

గాలి బూడిదని లేపింది. దూరంగా రేవులో పడవ తాడు కిర్రుమంది.

తైమి ఏడుపు ఆగిపోయింది. తుడిచినట్టు ఆగిపోయింది.

"రెండోది దండగ అనిపించింది," అంది చివరికి.

ఆ తర్వాత అన్నీ అవే బయటికొచ్చాయి. నాన్నకి తొమ్మిదేళ్ళు స్నానం చేయించింది నేను, ఇల్లు వాడికా? వాడు అమ్ముకుంటుంటే నాకో మాటైనా చెప్పలేదు, పేపర్లో ప్రకటన చూసి తెలుసుకున్నాను. నాన్న చెక్కిన దుంగల్ని బుల్‌డోజర్ తొక్కుతుంటే చూడమంటారా? అంతకంటే నా చేత్తో నేనే పంపిస్తే నయం కాదా?

"లోపలికి తొంగి చూడలేదా?" అన్నాడు రౌతియో.

"లేదు."

"ఎందుకు?"

"నాన్న కుర్చీ కనిపిస్తే చేతులాడవని." తైమి మొహం ఒక్కసారిగా ముసలిదైపోయింది. "తలుపు తీయలేదు. తీసి ఉంటే... వాడి చెప్పులు... వాడు..."

కారినా వచ్చి ఆమె ముందు నిలబడింది. కొడుతుందనుకున్నారు. కొట్టలేదు. మొహంలోకి చూసి, వెనక్కి తిరిగి కార్ల వైపు నడిచిపోయింది.

హెల్వి ఒకే ఒక్క ప్రశ్న మిగుల్చుకుంది.

"నన్నే ఎందుకు?"

"నీ మాటని ఎవరూ కాదనరు," అంది తైమి. "నువ్వెప్పుడూ అబద్ధమాడవు కాబట్టి." తర్వాత చిన్న గొంతుతో, "ఆ బస్సు కోసం మూడు రోజులు వెతికానే. నీకు నచ్చేదే వెతికాను. నీకు నచ్చింది కదా?"

"నచ్చింది," అంది హెల్వి.

కానిస్టేబుల్ తైమి భుజం మీద చెయ్యి వేశాడు.

*

శుక్రవారం సాయంత్రం నాలుగున్నర. హెల్వి పోర్కల రేవుకి వెళ్ళింది. హోల్మ్ బల్ల మీద కూర్చుని వల బాగుచేసుకుంటున్నాడు. తల ఎత్తలేదు.

"క్షమించమని అడగడానికి వచ్చాను," అంది.

"మీ మాట నమ్మే కదా నన్ను గురువారం దాకా కూర్చోబెట్టారు?"

"అవును."

"ఆ పిల్ల మీ స్నేహితురాలట."

"అవును."

"ఎన్నేళ్ళు?"

"నలభై ఏడు."

హోల్మ్ సూది వలలో దింపి లాగాడు. నీళ్ళు రాళ్ళకి కొట్టుకుంటున్నాయి.

"మేము ఇరవై ఏళ్ళు పోట్లాడుకున్నాం," అన్నాడు. "రోజూ పొద్దున్నే వాడు ఆ చివర నిలబడి 'పడవ తియ్యరా ముసలోడా' అనేవాడు. నేను ఈ చివర నిలబడి 'రారా తీయించు' అనేవాణ్ణి. శీతాకాలంలో రాకపోతే ఫోన్ చేసి మరీ తిట్టుకునేవాళ్ళం." సూది ఆగింది. "వాడు నిద్రలోనే పోయాడా?"

"నిద్రలోనే. పొగకి మెలకువ కూడా రాలేదని డాక్టర్ రాశాడు."

"నిజమేనా? లేక నన్ను ఊరుకోబెట్టడానికా?"

హెల్వి బ్యాగులోంచి రిపోర్టు తీసింది. తన మాటగా చెప్పలేదు. ఆ వాక్యం ఉన్నచోట వేలు పెట్టి చూపించింది. హోల్మ్ జేబులో కళ్ళజోడు వెతుక్కుని పెట్టుకుని, పెదవులు కదుపుతూ, ప్రతి అక్షరం తనే చదువుకున్నాడు.